పసుపుదీపము పలికిన సాక్ష్యము

మా చిన్నకారులో, వేగమును చూపు పలకపై, ఇంజను బొమ్మ గల ఒక పసుపుదీపము ఉన్నది. తాళము త్రిప్పినపుడు వెలిగి, బండి లేచినంతనే ఆరిపోవుట దాని ధర్మము. గడచిన మాఘమాసమున ఒక తెల్లవారుజామున అది వెలిగి, మఱి ఆరలేదు. ఆనాడు మేము మా అత్తగారిని దొనకొండనుండి పొదిలి మీదుగా ఒంగోలు గొనిపోవుచుంటిమి. మధుమేహముచే ఆమె కన్నులు మసకబారగా, నెలకొకమారు కంటిలో సూదిమందు వేయించుచున్నాము. గడువు తప్పినచో మిగిలిన చూపునకు భంగమని వైద్యులు గట్టిగా చెప్పియున్నారు. మా ఊరికి రైలు లేకపోలేదు. కాని అది గుంటూరు–గుంతకల్లు మార్గము, ఒంగోలు ఆ దారిని లేదు. సూదిమందు వేయించుకొని కట్టుకట్టిన కంటితో వృద్ధురాలిని కిక్కిఱిసిన బస్సులో త్రిప్పుటకు మాకు మనసొప్పదు. అందుచే ఆ పాతకారే మాకు ఆధారము.

దీపము వెలిగినను బండి ఆగలేదు. ఆనాటి ప్రయాణము జరిగినది. అయితే తరువాతి పక్షము దినములలో మూడు సంగతులు కనిపెట్టితిమి. ఉదయము లేపినవెంటనే ఇంజను నిలకడలేక కొట్టుకొనుచు, వెనుకనుండి పచ్చి పెట్రోలు వాసన వచ్చుచుండెను. లీటరునకు 18 కిలోమీటర్లు నడచుచుండినది 14కు దిగెను. కొంతదూరము పోయి వేడెక్కిన పిమ్మట మాత్రము ఏ లోపమును ఎఱుగనట్లు నడచుచుండెను. ఈ మూడవ సంగతిని పాఠకసోదరీమణులు మనస్సున నుంచుకొన ప్రార్థన. తరువాత జరిగినదంతయు దానిపైననే నిలిచియున్నది.

మావారు బండిని ఒక పట్టణమునందలి మరమ్మతు షెడ్డునకు గొనిపోయిరి. అచ్చటి పనివాడు దీపమును చూచెను, వెనుకగొట్టము వద్ద వంగి వాసన చూచెను, లేచి చేతులు తుడుచుకొనెను. “క్యాట్ పోయింది సార్. సైలెన్సరు సెట్టు మొత్తం మార్చాల. యాభై అయిదు వేలు చూసుకోండి” అనెను. ఏ పరికరమును తగిలించలేదు. పాఠశాల ఉపాధ్యాయుని ఇంట అట్టి మొత్తము వచ్చిపడుట సులభము కాదు. మావారు ఇంటికి వచ్చి చాలసేపు మాటలాడలేదు. అప్పు తెచ్చుటయా, బండిని అమ్ముటయా అను రెండు తలపుల నడుమ ఆ రాత్రి గడచినది. మఱునాడు మేము అంటిమి: రోగి నాడిని చూడకయే శస్త్రచికిత్స చెప్పిన వైద్యుని మాట వినుదుమా? ముందు దీపము ఏమి చెప్పుచున్నదో విందము.

ఏమి చెప్పుచున్నదో వినుటకు ముందు, చెప్పునది ఎవరో తెలియవలెను. ఇది స్త్రీలకు కొఱుకుడుపడని విద్య కాదు. ప్రతిదినము పొయ్యియెదుట మనము చేయు పరీక్షయే. గ్యాసుపొయ్యి మంట నీలముగా నున్నంతవరకు గిన్నె అడుగు తెల్లగానే యుండును. బర్నరు రంధ్రములు పూడి గాలి చాలనపుడు మంట పసుపుబాఱి, గిన్నెకు మసి అంటును. వెనుకటి కట్టెలపొయ్యిలో మనము గొట్టముతో ఊదుట గాలి చాలకయే గదా. ఇంజనులో మండునది పెట్రోలు. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. గాలి తగ్గినచో పెట్రోలు సగము మండి, రంగును వాసనయు లేని విషమగు కార్బన్ మోనాక్సైడు పుట్టును. గాలి మిక్కుటమైనచో ఇంజను బలము తగ్గి, నైట్రోజను సంబంధమగు వేఱు విషములు పెరుగును. ఈ తూకమును నిమిషనిమిషమును సరిచూచుటకు పొగగొట్టము మొదట నాటిన మొలకయే ఆక్సిజన్ సెన్సారు.

మా దొనకొండ మీటరుగేజి కాలమున పొగబండ్ల ఊరు. ఆ కాలమున ఇంజనుపై బొగ్గు వేసిన వృద్ధుడొకరు మా వీధిలో నున్నారు. మేము సంగతి చెప్పగా ఆయన నవ్వి, “దీనికి మిషనెందుకమ్మా? మేము పొగగొట్టం నోరు చూసి చెప్పేవాళ్లం. నల్లపొగ వస్తే గాలి చాల్లేదు, బొగ్గు దండగ. అసలు పొగే లేకపోతే గాలి ఎక్కువై మంట చల్లబడుతుంది. పలచగా బూడిదరంగున రావాల” అనిరి. ఆయన కన్ను చేసిన పనినే ఈ మొలక చేయుచున్నది. కన్ను రెప్పవాల్చవచ్చును గాని ఇది వాల్చదు.

దాని లోపలి నిర్మాణము మఱింత వింతయైనది. మనము చెవులకు ధరించు “అమెరికన్ డైమండ్” రాళ్లు, సీజెడ్ రాళ్లు అని అంగడివారు అమ్మునవి, జిర్కోనియా అను పదార్థముతో చేయబడినవి. ఆ జిర్కోనియముయొక్క ఖనిజము మన శ్రీకాకుళము, భీమునిపట్టణము తీరముల ఇసుకలోను ఉన్నది. సెన్సారు మొనయందున్న పింగాణి వంటి చిన్న గొట్టము ఆ రాళ్లకు అక్కచెల్లెలే. అదియును జిర్కోనియాయే, అందు కొంచెము ఇట్రియా అను పదార్థము కలిపి, లోపలను వెలుపలను ప్లాటినము పూత పూయుదురు. ఇది చల్లగా నున్నపుడు వట్టి రాయి. సుమారు 300 డిగ్రీలు దాటి వేడెక్కినపుడు మాత్రము ప్రాణవాయువుయొక్క అణువులు విద్యుదావేశముతో దానిలోనుండి దాటగలవు. ఒకవైపున 21 వంతుల ఆక్సిజన్ గల బయటిగాలి, వేఱొకవైపున ఇంజను వదలిన పొగ. ఈ రెండింటి తేడావలన చిన్న విద్యుత్తు పుట్టును. పొగలో ఆక్సిజన్ లేనపుడు 0.8, 0.9 వోల్టు, మిగులుగా నున్నపుడు 0.1 వోల్టు. తూకము సరిగానున్న చోట ఆ రెండింటి నడుమ ఒక్కసారిగా దూకును. ఇట్టి తేడాలనుండి విద్యుత్తును లెక్కించు సూత్రమును జర్మను పండితుడు వాల్తర్ నెర్న్‌స్ట్ 1889లో తెలిపెను. రసాయనశాస్త్రమున ఆయనకు 1920వ సంవత్సరపు నోబెలు బహుమానము లభించినది. కారునకు దీనిని తొలిసారిగా అమర్చినది 1976లో. చేసినవారు బాష్ కంపెనీవారు, అమర్చినవారు స్వీడను దేశపు వోల్వోవారు. కాలిఫోర్నియాలో పొగచట్టములు కఠినమగుటచే ఆ అవసరము వచ్చినది.

మన దేశమున ఇది ఆలస్యముగా వచ్చినది. పెట్రోలులో సీసము కలిపినంతకాలము ఈ సెన్సారుగాని, దాని వెనుకనుండు క్యాటలిటిక్ కన్వర్టరుగాని బ్రదుకజాలవు. సీసము రెండింటిని పూడ్చివేయును. 1995లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు వచ్చినది, 2000 ఫిబ్రవరి 1నుండి దేశమంతట వచ్చినది. 2017 ఏప్రిల్ నుండి భారత్ స్టేజి నాలుగు, 2020 ఏప్రిల్ నుండి ఆఱు అను ప్రమాణములు దేశమంతటికిని వర్తించినవి. నేడు పల్లెటూరి వాకిట నిలిచిన పెట్రోలు కారులో సహితము సామాన్యముగా ఇట్టి మొలకలు రెండుండును. కన్వర్టరునకు ముందున్నది పెట్రోలు పాళ్లను దిద్దును. వెనుకనున్నది కన్వర్టరు పనిచేయుచున్నదో లేదో కనిపెట్టును.

ఇక్కడనొక చిక్కు గలదు. అనుభవజ్ఞులే అందు చిక్కుకొనుట చూచితిమి గనుక కొంచెము ఆగి చెప్పుదుము. మావారితో పనిచేయు మార్కాపురపు ఉపాధ్యాయుని కారులోను ఇదే దీపము వెలిగినది. షెడ్డువారు పరికరము తగిలించి పి 0171 అను అంకెను చదివిరి. పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అని దాని అర్థము. చెప్పినది సెన్సారు గనుక సెన్సారే చెడినదని దానిని మార్చిరి. దీపము ఆరి, వారమునకు మఱల వెలిగినది. కొన్నది నాసిరకమేమోయని రెండవది కొని మార్చిరి. మఱల వెలిగినది. తుదకు తేలినదేమనగా, గాలిని కొలుచు పరికరమునకును ఇంజనునకును నడుమనున్న రబ్బరుగొట్టము ఎండకు పగిలి, లెక్కకు రాని గాలి లోనికి పోవుచుండెను. సెన్సారు మొదటినుండియు సత్యమే పలికినది. దొంగను చూపిన సాక్షిని రెండుమారులు శిక్షించినట్లైనది.

బాల్యమున మా నాయనగారు మాకు తర్కసంగ్రహమును పాఠము చెప్పిరి. దానిని వ్రాసిన అన్నంభట్టు మన ఆంధ్రుడే. కొండపై పొగను చూచి నిప్పున్నదని తెలిసికొనుట అందలి ప్రసిద్ధోదాహరణము. అది నిలుచును, నిప్పులేని పొగ లేదు. కాని నిప్పున్నచోటనెల్ల పొగయున్నదనుట నిలువదు. ఎఱ్ఱగా కాలిన ఇనుపగుండునందు నిప్పున్నది, పొగ లేదు. పొగకు తడికట్టె అను వేఱొక కారణము కూడవలెను. ఆ పాఠము వంటింట కట్టెలకు తప్ప మఱెందును పనికిరాదని మేము అనుకొంటిమి. ఇప్పుడు చూడగా షెడ్డులలో జరుగు పొరపాటు సరిగా అదియే. సెన్సారు చెడినచో దీపము వెలుగును. దీపము వెలిగినచో సెన్సారు చెడినదనుట మాత్రము సిద్ధింపదు. గొట్టము పగిలినను, స్పార్కుప్లగ్గు తప్పినను, పొగగొట్టము కీలువద్ద చిల్లుపడి బయటిగాలి లోనికి పీల్చబడినను ఆ సెన్సారే మొఱపెట్టును.

కనుక పరీక్షకు పూనుకొంటిమి. వెయ్యిరూపాయలలోపు వెలకు అఱచేతిలో ఇముడు చదువుపరికరము దొఱకును. కారు నడుపువారి మోకాళ్ల చెంత, స్టీరింగు క్రింద, పదునాఱు రంధ్రముల సాకెట్టు ఉండును. అందు దానిని గ్రుచ్చి, మొబైలుఫోనుతో కలిపితిమి. ఫోనుపై వచ్చిన అంకె పి 0135. పి 0130 మొదలు 0135 వఱకు ముందున్న సెన్సారును గూర్చినవి. 0136 మొదలు 0141 వఱకు వెనుకదానివి. షెడ్డువాడు చెప్పిన క్యాట్ బలహీనమైనచో పి 0420 రావలెను. అది లేనేలేదు. యాభై అయిదు వేలలో చాలభాగము ఆ క్షణముననే మా తలపైనుండి దిగినది.

పి 0135 అనగా సెన్సారులోని హీటరు మార్గమున లోపము. పైన చెప్పితిమి గదా, ఆ రాయి వేడెక్కినగాని పలుకదని. ఇంజను లేచినవెంటనే దానిని వేడిచేయుటకు లోపల ఒక సన్నని విద్యుత్తు హీటరు ఉండును. అది తెగినచో, పొగ తానుగా వేడిచేయువఱకు సెన్సారు మూగయై యుండును. ఆ కొలదినిమిషములు కారులోని కంప్యూటరు గ్రుడ్డిగా పెట్రోలును ఎక్కువపాలు పోయును. ఉదయపు పచ్చివాసనయు, తగ్గిన మైలేజియు, వేడెక్కినపిమ్మట వచ్చిన ఆరోగ్యమును, మూడును దీనితో పొసగినవి.

పొసగినంతమాత్రమున ఋజువు కాదు. సెన్సారులోని హీటరు తెగియుండవచ్చును. దానికి విద్యుత్తు తెచ్చు తీగ తెగియుండవచ్చును. ఫ్యూజు పోయియుండవచ్చును. మొదటిది వేలు, చివరిది పదిరూపాయలు. కనుక చవకదానినుండి మొదలిడితిమి.

బానెట్టు క్రింది పెట్టె మూతపై ఏ ఫ్యూజు దేనికో చిత్రించియుండును. హీటరు ఫ్యూజును ఊడదీసి వెలుతురునకు ఎత్తి చూడగా, లోని తీగ తెగలేదు. పిమ్మట చల్లని ఇంజనును లేపి ఫోనుపై సెన్సారు వోల్టును చూచితిమి. అది సుమారు 0.45 వద్ద గీత గీసినట్లు నిలిచెను. ఆఱేడు నిమిషములకు కదలిక మొదలై, మఱి కొంతసేపటికి 0.1కిని 0.8కిని నడుమ చకచక ఊగసాగెను. మాకు చేతికందిన మా అబ్బాయి పలకపై ఈ అంకెలు వ్రాసికొంటిమి. మార్కాపురపు రాతిపలక ఇంకను మా ఇంట నున్నది. అనగా రాయి బ్రదికియున్నది. దానిని మేల్కొల్పు హీటరే నిద్రించుచున్నది. ఒక హెచ్చరిక: క్రొత్త కార్లు కొన్నింటిలో వేఱొక జాతి సెన్సారు, ఎక్కువ తీగలు గలది, ఉండును. దానికి ఈ ఊగుట, ఈ వోల్టులు వర్తింపవు. ఆ బండి పుస్తకమును చూడవలెను.

తరువాత ఇంజనును పూర్తిగా చల్లార్చి, సెన్సారు తీగ చివరనున్న కనెక్టరును విప్పితిమి. దాని నాలుక నొక్కి లాగవలెను గాని తీగలను పట్టి లాగరాదు. నాలుగు తీగలలో ఒకే రంగు గల రెండు సామాన్యముగా హీటరువి. మల్టీమీటరును ఓముల గుర్తుకు త్రిప్పి, మొదట దాని రెండు ముక్కులను ఒకదానికొకటి తాకించి సున్న చూపునేమో చూచుకొంటిమి. త్రాసును పరీక్షింపక తూచుట మా అత్తగారింట నిషిద్ధము. పిమ్మట హీటరు తీగల కొనలకు తాకించితిమి. మంచి హీటరు కొద్ది ఓములు చూపవలెను. వెనుకనున్న సెన్సారు 7 చూపెను. ముందుది ఏమియు చూపలేదు. దారి తెగినదను గుర్తు తెరపై నిలిచినది. మిగిలినది తీగ. మావారు ఇంజనును లేపగా, బండివైపు కనెక్టరులో ఒక రంధ్రమునకును ఇంజను లోహమునకును నడుమ 13 వోల్టులకు పైగా వచ్చినది. ఇంటిగుమ్మమువఱకు నీరు వచ్చుచున్నది, కుళాయియే పూడినది. ఇప్పుడు సెన్సారు చెడినదని నిస్సంశయముగా చెప్పగలిగితిమి.

క్రొత్తదానికి మూడువేల ఆఱువందలైనది. అంతకు సగము వెలకు చూపినవియు లేకపోలేదు. బండి సంఖ్యను చెప్పి, పాతదానిపై అచ్చువేసిన అంకెతో సరిపోల్చి తెప్పించితిమి. తీగలు కోసి అతుకవలసిన రకమును తీసికొనకుండుటయే మేలు.

పనికి దిగుటకుముందు మనవారికి కొన్ని మాటలు. బానెట్టు క్రింద వంగునపుడు కొంగును నడుమున దోపి, జడను ముడివేసి, గాజులు ఉంగరములు తీసిపెట్టవలెను. బ్యాటరీకొనలకు లోహపుగాజు తగిలినచో క్షణములో ఎఱ్ఱగా కాలును. రేడియేటరు ఫ్యాను ఇంజను ఆపినపిమ్మట కూడ తానుగా తిరుగవచ్చును. మూసిన షెడ్డులో ఇంజనును నడుపరాదు. ఆ విషవాయువునకు వాసన లేదని ముందే చెప్పితిమి. జాకీ ఒక్కదానిపై నిలిపిన బండిక్రిందికి ప్రాణముపై ఆశగలవారెవ్వరును దూరరాదు. మా అదృష్టమున ముందు సెన్సారు పైనుండియే చేతికి అందును.

ముందురాత్రి సెన్సారు మొదట తుప్పువిప్పు నూనెను చల్లితిమి. ఉదయము అయిదునిమిషములు ఇంజనును నడిపి, ఆపి, చేతితొడుగుతో తాకగలిగినంత చల్లబడువఱకు కూర్చుంటిమి. గోరువెచ్చగా నున్నపుడు మరలు సులభముగా వీడునని పెద్దలమాట. దానికి 22 అంకె పానా పట్టును. తీగకు దారిగా ఒకవైపు చీలికగల సాకెట్టు ఉన్నచో మఱియు సులభము. ట్రాక్టర్లు బాగుచేయు కుఱ్ఱవాడు తన సాకెట్టును ఎరువిచ్చి, తోడుగా నిలిచెను. మావారు బలమంతయు చూపబోగా వాడు చేయిపట్టి ఆపెను. “సార్, ఒక్కసారిగా గుంజబాకండి, థ్రెడ్లు లేచిపోతయ్. కొంచెం విప్పండి, కొంచెం బిగించండి. అక్కా, ఇంకాస్త నూనె కొట్టు.” పావుచుట్టు ముందుకు, అందు సగము వెనుకకు, నూనె, మఱల ముందుకు. ఇరువది నిమిషములు పట్టినది. కిఱ్ఱుమని తుదకు వీడినపుడు వాకిట నిలిచి చూచుచున్న అత్తగారు “పన్ను పీకినట్టుందే” అనిరి.

పాతమొన పొడి మసితో నల్లబడియున్నది. వేఱే రోగమేమియు లేదు. ఈ మొనను చదువుట కూడ ఒక విద్య. దట్టమైన మసి ఎక్కువ పెట్రోలునకును, జిడ్డు ఇంజను నూనె కాలుటకును, తెల్లని సుద్దవంటి పూత సిలికోనునకు లేక కూలెంటు లోనికి కారుటకును గుర్తు. అట్టి గుర్తు కనబడినచో మూలమును బాగుచేయక క్రొత్తది బిగించుట నిష్ప్రయోజనము; అదియు పాతదారినే పోవును. సామాన్యపు సిలికోను జిగురును ఇంజను అతుకులకు పూయుటవలన పోవు సెన్సారులున్నవని తెలిసి మేము ఆశ్చర్యపడితిమి.

క్రొత్తదాని మొనను వ్రేళ్లతో తాకలేదు. మరలపై కంపెనీవారే ఒక బూడిదరంగు లేపనము పూసియుందురు. దానిపై వేఱు గ్రీజు అక్కఱలేదు, మొనకు అంటినచో కీడు. మొదట వ్రేళ్లతోనే చుట్టులు ఎక్కించి, అడ్డముగా పోవుటలేదని నిశ్చయించుకొని, పిమ్మట పానా పెట్టితిమి. అనేక కార్లకు ఈ బిగింపు 40 నుండి 50 న్యూటన్ మీటర్లు. కొలుచు పానా లేనివారు, ఉన్నవారిని అడిగి తెచ్చుకొనుట మంచిది. తీగను పాతదారినే నడిపి, పాతక్లిప్పులలో ఇమిడ్చితిమి. వ్రేలాడిన తీగ పొగగొట్టమునకు తగిలినచో కరగి, కథ మొదటికి వచ్చును.

అన్నియు అయినపిమ్మటనే ఫోనుతో ఆ అంకెను చెఱిపితిమి. ముందుగా చెఱిపి, దీపము ఆరినది గనుక రోగము పోయినదని సంతసించువారున్నారు. షెడ్డులలో కొందఱు ఇంతమాత్రము చేసియే సొమ్ము పుచ్చుకొందురు. చెఱిపినచో కారు తాను నేర్చిన పాఠములను కూడ మఱచును. కొన్ని ప్రయాణములు చేసినగాని అన్ని పరీక్షలును మఱల పూర్తికావు. మేము చల్లని ఇంజనును లేపి చూడగా, ఒక్క నిమిషమునకే ఆ గీత కదలి, ఊగసాగెను. బ్రిటిషువారి కాలపు విమానాశ్రయమువైపు కొంతదూరము నడిపి తిరిగివచ్చితిమి. దీపము వెలుగలేదు, పచ్చివాసన లేదు.

దీనిని ఆలసించియుంటిమేని ఆ పనివాని మాటయే సత్యమై యుండెడిది. మండని పెట్రోలు కన్వర్టరులోనికి పోయి అచ్చట మండినచో, లోనున్న తేనెపట్టు వంటి పింగాణి మితిమీఱి వేడెక్కి కరగును. ప్లాటినము, పల్లేడియము, రోడియము అను విలువగల లోహములు పూసినది అది. ఆ వెల అందుకే. దీపము నిలుకడగా వెలిగినచో కొన్నాళ్లలో చూపింపవచ్చును. మిణుకుమిణుకుమని కొట్టుకొనినచో మాత్రము ఇంజను అప్పుడే తప్పుచున్నదని, కన్వర్టరు అప్పుడే కాలుచున్నదని అర్థము. వేగము తగ్గించి, వీలైనచోట నిలుపవలెను. ఈ భేదమును కారు నడుపు స్త్రీలు తప్పక ఎఱుగవలెను. నడుపనివారు ప్రక్కన కూర్చుండియైనను చూడవచ్చును.

పాత సెన్సారును మావారు పాఠశాలకు గొనిపోయి, విజ్ఞానపాఠమునాడు పిల్లలకు చూపి, అల్మారలో నుంచిరి. మైలేజి 17కు చేరినది. ఆ మిగిలిన ఒకటి చక్రములలోని గాలి తక్కువగుటచేతనని తరువాత తెలిసినది. చైత్రమునందలి సూదిమందునకు గడువు తప్పలేదు. అత్తగారు ఇప్పుడు బండి ఎక్కి, సీటుబెల్టు పెట్టుకొనకముందే, మసకకన్నులను చికిలించి ముందుకు వంగి, “పచ్చదీపం ఆరిందా?” అని అడుగుచున్నారు. ఆరినదని చెప్పినగాని వెనుకకు ఆనుకొనరు.